వస్త్రకళా కార్యక్రమాల చిత్రీకరణ: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ ప్రాంతం

కుట్టు, అల్లిక, మగ్గం వర్క్, అద్దాల పని, బొంత కుట్టడం వంటి చేతిపనులను కెమెరా ముందు చేసి చూపిస్తూ నేర్పే కార్యక్రమాలను వస్త్రకళా కార్యక్రమాలు అనవచ్చు. టెలివిజన్‌లో మహిళల కార్యక్రమాల్లో ఒక భాగంగా మొదలైన ఇవి ఇప్పుడు ఎక్కువగా యూట్యూబు పాఠాలుగా, నిమిషం లోపు రీళ్లుగా నడుస్తున్నాయి. చూసేవారికి కనిపించేది ఒక బల్ల, రెండు చేతులు, ఒక గొంతు. ఆ రెండు చేతుల వెనుక మరెన్నో చేతులు పనిచేసి ఉంటాయి. పది నిమిషాల పాఠం వెనుక రోజుల తరబడి పని ఉంటుంది. చిత్రీకరణ అన్నాక కొంత దాచక తప్పదు, అంతా చూపిస్తే ఎవరూ చూడలేరు. అందుకే ఏది దాచాలి, ఏది దాచకూడదు అన్న ఎంపిక దగ్గరే ఈ కార్యక్రమాల మంచిచెడ్డలు తేలతాయి. బట్ట అడుగున పనిచేసే చెయ్యి, బట్ట వెనుక వైపు, పనికి పట్టిన సమయం, పని చేసిన మనిషి పేరు తెర మీదికి వస్తేనే అది పాఠం అవుతుందని, రాకపోతే సరుకు ప్రకటనగా మిగిలిపోతుందని ఈ వ్యాసం వాదిస్తుంది. ఆ వాదనకు ఆధారాలు వెతకడానికి హైదరాబాదు తూర్పు ప్రాంతమంత అనువైన చోటు మరొకటి కనబడదు.

విజయవాడకు వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మలక్‌పేట దాటాక దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీ నగర్ కూడలికి చేరుతుంది. పోటీ పరీక్షల కోచింగులకు, హాస్టళ్లకు దిల్‌సుఖ్‌నగర్ పెట్టింది పేరు. నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం జిల్లాల నుంచి చదువు కోసం, పని కోసం వచ్చేవారికి నగరంలో ఇదే తొలి మజిలీ. నేర్పేవారికీ నేర్చుకునేవారికీ అలవాటైన చోటు కాబట్టి, కోచింగ్ బోర్డుల పక్కనే టైలరింగ్, ఫ్యాషన్ డిజైనింగ్, మగ్గం వర్క్ శిక్షణ బోర్డులు కూడా కనిపిస్తాయి. పెద్ద బట్టల దుకాణాలు, జాకెట్టు గుడ్డలు అమ్మే మ్యాచింగ్ సెంటర్లు, లేసులు, పూసలు, కుందన్లు దొరికే చిన్న కొట్లు అన్నీ నడిచి తిరిగేంత దూరంలోనే ఉన్నాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్బీ నగర్ మెట్రో మార్గం మొదలయ్యాక నగరం అటు చివరి నుంచి కూడా నేర్చుకునేవారు రాగలుగుతున్నారు. ఎల్బీ నగర్ దగ్గర దారి రెండుగా చీలుతుంది. విజయవాడ రోడ్డు మీద వెళ్తే రామోజీ ఫిల్మ్ సిటీ, ఆ పైన ఇక్కత్ నేసే పోచంపల్లి, కొయ్యలగూడెం వస్తాయి. సాగర్ రోడ్డు పట్టుకుంటే ఇబ్రహీంపట్నం, మాల్ దాటాక దేవరకొండ వైపు లంబాడీ తండాలు వస్తాయి. ఒక దారి నేతకు, మరో దారి అద్దాల కుట్టుకు చేరుస్తుంది.

కెమెరా కూడా ఈ దిక్కున ఎప్పటి నుంచో ఉంది. 1977లో మొదలైన హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం రామంతాపూర్‌లో, అంటే దిల్‌సుఖ్‌నగర్‌కు ఉత్తరాన మూసీ అవతలి ఒడ్డున ఉంది. తొలి అయిదేళ్లూ నలుపు తెలుపుల్లోనే ప్రసారాలు జరిగాయి. 1982లో దేశంలో రంగుల ప్రసారాలు మొదలయ్యే దాకా, రంగే ప్రాణమైన వస్త్రకళకు టెలివిజన్ న్యాయం చేయలేకపోయిందనడం సబబే. 1995 ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది, మరుసటి ఏడాది రామోజీ ఫిల్మ్ సిటీ తెరుచుకుంది. ఈటీవీ-2లో 'సఖి' వంటి కార్యక్రమాలు, పూర్తిగా మహిళల కోసమే పెట్టిన వనితా టీవీ ఇంటి పనులకు, చేతి పనులకు తెలుగు తెర మీద చోటు పెంచాయి. యూట్యూబు భారతదేశపు పుట 2008లో వచ్చినా, దాని ఫలితం తెలుగు ఇళ్లకు చేరింది 2016 సెప్టెంబరులో జియో రాకతో ఇంటర్నెట్టు చవకయ్యాకే. 2020 లాక్‌డౌన్‌లో మాస్కులు కుట్టడానికి మూలన పడిన కుట్టు మిషన్లు బయటికొచ్చాయి. శిక్షణ కేంద్రాలు మూతపడి, పాఠాలు ఫోన్లలోకి మారాయి. అప్పటి నుంచి చిత్రీకరణ పగ్గాలు స్టూడియో చేతిలోంచి శిక్షణ కేంద్రం చేతిలోకి వచ్చాయి. నేర్పే ఆవిడే నిర్మాత, ఆవిడ దగ్గర నేర్చుకునే అమ్మాయే కెమెరా పట్టుకునే మనిషి. ఈ మార్పును తక్కువగా చూడకూడదు. స్టూడియోలో కుట్టు తెలియని కెమెరా మనిషి ముఖాన్ని చూపించేవాడు, కుట్టు తెలిసిన అమ్మాయి సూదిని చూపిస్తుంది.

స్టూడియో అయినా అద్దె గది అయినా మారని పద్ధతి ఒకటుంది. అదే దశల నమూనాలు ముందుగా సిద్ధం చేసుకోవడం. అమెరికాలోని విస్కాన్సిన్‌లో నాన్సీ జీమన్ 1982 నుంచి 2017 దాకా నడిపిన 'సూయింగ్ విత్ నాన్సీ' కార్యక్రమం మొదలు నేటి తెలుగు వీడియోల దాకా అందరూ పాటించేది ఇదే. ఒక పాట్ నెక్ జాకెట్టు పాఠమే చూడండి. కత్తిరించక ముందు గుర్తులు పెట్టిన గుడ్డ ఒకటి, కత్తిరించి లైనింగు అతికించినది ఒకటి, మెడకు కాన్వాసు పెట్టి కుట్టి ఇంకా తిరగేయనిది ఒకటి, తిరగేసి పైపింగు వేసినది ఒకటి, చేతులు ఎక్కించినది ఒకటి, పూర్తయినది ఒకటి కావాలి. అంటే తెర మీద ఒక జాకెట్టు కనిపించాలంటే తెర వెనుక ఆరు జాకెట్లు నడవాలి. వాటన్నిటికీ ఒకే తాను గుడ్డ, ఒకే కొలతలు ఉండాలి. మధ్యలో గుడ్డ అయిపోయి వేరే తాను తెస్తే రంగులో తేడా కెమెరా పట్టేస్తుంది. దారం కూడా వేరుగా ఉండాలి. మామూలుగా గుడ్డ రంగులో కలిసిపోయే దారమే మంచి దర్జీకి గర్వం, పాఠంలో మాత్రం మెరూన్ గుడ్డ మీద తెల్ల దారం వేయకపోతే కుట్టు కనబడదు. కుట్టు ఎక్కడ ఒక దారం వంకరపోయినా ఆ తెల్ల దారం చాటి చెబుతుంది కాబట్టి నమూనాలు కుట్టేవారు మామూలు కన్నా నిదానంగా కుట్టాలి. ఈ నమూనాలు కుట్టేది చాలాసార్లు నేర్పే మనిషి కాదు, వెనుక గదిలో మిషను మీద కూర్చున్న సహాయకులు. కార్యక్రమం నిజంగా నిలబడేది వాళ్ల పని మీద.

మగ్గం వర్కును చిత్రీకరించడం వీటన్నిటికంటే కష్టం. కారణం ఆ పని స్వభావంలోనే ఉంది. చెక్క పట్టీల మగ్గానికి గుడ్డను డప్పులా బిగించి కడతారు. ట్రేసింగ్ కాగితం మీద గీసిన డిజైను వెంట సూదితో సన్నని రంధ్రాలు పొడిచి, ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన జింకు పొడిని గుడ్డతో రుద్దితే చుక్కల గీత కింద దిగుతుంది. కుడి చేతిలో కొక్కెం మొన ఉన్న ఆరీ సూది పైనుంచి దిగుతుంది. ఎడమ చెయ్యి మగ్గం అడుగున దారం పట్టుకుని ఉండి, సూది దిగిన క్షణంలో కొక్కేనికి దారం చుట్టి అందిస్తుంది. సూది కొంచెం తిరిగి ఆ దారాన్ని ఉచ్చులా పైకి లాగుతుంది, మళ్లీ ఆ ఉచ్చులోంచే దిగుతుంది. ఇలా గొలుసు కుట్టు సాగుతుంది. పైనుంచి తీసిన వీడియోలో కనిపించేది కుడి చెయ్యి ఒక్కటే. కొత్తగా నేర్చుకునేవారు తడబడేది ఎడమ చెయ్యి దగ్గర: దారం ఎంత బిగువుగా పట్టాలి, ఏ వైపు నుంచి చుట్టాలి, దారాన్ని ఎప్పుడు వదలాలి. వీడియో చూసి నెలల తరబడి కుస్తీ పట్టినా కుట్టు తెగిపోతోందనే వారికి లోపం తమ చేతుల్లో ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి సగం పాఠం వాళ్లకు అందనే లేదు. దీనికి మందు ఉంది. ముదురు గుడ్డ బదులు పలుచని నెట్ లేదా ఆర్గంజా బిగిస్తే అడుగున ఉన్న చెయ్యి పైనుంచే మసకగా కనిపిస్తుంది. మగ్గం కింద ఇంకో ఫోనును వెల్లకిలా పెట్టి, పక్కన చిన్న దీపం ఉంచి, రెండు దృశ్యాలనూ తెర మీద పక్కపక్కన పెడితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఖర్చు ఏమంత లేదు, కావలసిందల్లా ఆ చెయ్యి ముఖ్యమని గుర్తించడమే. మంచి మగ్గం పాఠాన్ని మామూలు పాఠం నుంచి వేరు చేసే మొదటి గుర్తు ఇదే.

వెలుగు, శబ్దం సంగతులు త్వరగా చెప్పుకోవచ్చు. జరీ, చమ్కీలు, కుందన్లు నేరుగా పడే దీపాన్ని తిరిగి కెమెరాలోకి కొడతాయి, తెల్లని మచ్చ తప్ప పని కనబడదు. అందుకని దీపానికి పలుచని తెల్ల గుడ్డ అడ్డు కట్టి పక్క నుంచి వేయాలి. అద్దాల పనికైతే ఇంకా జాగ్రత్త, అద్దంలో కెమెరా, దాన్ని పట్టుకున్న మనిషి కూడా పడతారు. చవక ఎల్‌ఈడీ దీపాల్లో ముదురు ఎరుపుకు సరిపడా కాంతి ఉండదు కాబట్టి పెళ్లి చీర మెరూన్ రంగు గోధుమగా మారిపోతుంది. వీడియో చూసి జాకెట్టు గుడ్డ కొన్నవారు దుకాణానికి తిరిగి వచ్చేది దీనివల్లే. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలతో వస్తుంది, కెమెరా షట్టరు దానికి పొసగకపోతే ట్యూబులైటు కింద నల్లని చారలు పాకుతాయి. సన్న గడుల చీరలు తెర మీద అలల్లా కదిలినట్టు కనిపిస్తాయి, కొంచెం దగ్గరికి జరిపితే ఆ కదలిక పోతుంది. శబ్దం మాటకొస్తే, జాతీయ రహదారి పక్కన కిటికీ తెరిచి మాట రికార్డు చేయడం కుదరని పని, ఎండాకాలంలో ఫ్యాను ఆపి కూర్చోవడం నరకం. ఈ కారణాలన్నిటి వల్ల చాలామంది చేతులను ఒకసారి చిత్రించి, మాటను తర్వాత వేరుగా చదివి కలుపుతారు. మిషను చప్పుడు మాత్రం అసలుదే ఉంచడం మేలు. ఎక్కడ నిదానించాలి, ఎక్కడ ఆగాలి అన్నది నేర్చుకునే చెవికి ఆ చప్పుడే చెబుతుంది.

కెమెరా ఎటువైపు నుంచి చూస్తోందన్నది ఇంతకంటే పెద్ద ప్రశ్న. నేర్పే మనిషికి ఎదురుగా పెడితే ముఖం, మాట బాగా వస్తాయి, కానీ కుడి ఎడమలు చూసేవారికి తిరగబడతాయి. ఫోనులోని సెల్ఫీ కెమెరా వాడితే దృశ్యమే అద్దంలోలా తారుమారయ్యే ప్రమాదం ఉంది. పమిట కుడి భుజం మీద కనిపిస్తే తెలుగువారెవరైనా తప్పు పట్టేస్తారు. జాకెట్టు హుక్ పట్టీ, కాజా పట్టీ తారుమారైతే మాత్రం కుట్టి తొడిగే దాకా తెలియదు, అప్పటికి గుడ్డ పాడైపోతుంది. భుజం మీదుగా, కుట్టేవారి కళ్లు చూసే కోణంలోనే కెమెరా పెట్టడం దీనికి సరైన దారి. ఆ కోణంలో ముఖం కనబడదు. పేరు, గుర్తింపు కోరుకునే నిర్వాహకులకు అది నష్టంగా తోచవచ్చు. నేర్చుకునేవారికి కావలసింది ముఖం కాదని ఒప్పుకోవడం దగ్గరే పాఠానికీ ప్రదర్శనకీ దారులు వేరవుతాయి.

ఇక బట్ట వెనుక వైపు. పట్టుమని పది సెకన్లు పట్టే ఈ దృశ్యం చాలా కార్యక్రమాల్లో ఉండదు. ఉండి తీరాలనడానికి గట్టి కారణాలున్నాయి. చేత్తో వేసిన ఆరీ కుట్టును తిరగేస్తే అడుగున సన్నని కుట్లు వరుసగా గీతలా కనిపిస్తాయి, దారం ఎక్కడ ముగించారో ముడులు కనిపిస్తాయి. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ తిరగేస్తే అడుగు బాబిను దారం, దానికి పెట్టిన కాగితం లేదా బకరం ముక్క కనిపిస్తాయి. పైనుంచి చూస్తే రెండిటికీ తేడా పట్టుకోవడం కెమెరాకు కష్టం. ఇక్కత్ విషయంలోనూ అంతే. నూలుకే రంగులద్ది నేసిన పోచంపల్లి చీరలో డిజైను రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, ఇక్కత్ బొమ్మను పైన అచ్చు వేసిన గుడ్డలో వెనుక వైపు సాధారణంగా వెలిసినట్టుంటుంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కాగితం మీద ఉంటే చాలదు, కొనేవారి కంటికి తెలియాలి. ఎల్బీ నగర్ నుంచి గంటన్నర ప్రయాణం లోపే నేత మగ్గాలున్న ఊరు ఉండగా, అచ్చు గుడ్డను 'ఇక్కత్ జాకెట్టు' పేరుతో పాఠంలో కుట్టి చూపితే నేతగాళ్ల పొట్ట కొట్టడానికి తెలియకుండానే సాయపడినట్టవుతుంది. గుడ్డను ఒక్కసారి తిరగేసి చూపిస్తే ఆ తప్పు జరగదు.

అన్నిటికంటే ఎక్కువగా దాగేది సమయం. బరువైన పెళ్లి జాకెట్టుకు, వీపు మీద, చేతుల మీద నిండుగా పని ఉంటే, మగ్గం చుట్టూ ఇద్దరు ముగ్గురు కూర్చున్నా రోజులు పడుతుంది. వీడియోలో అది పన్నెండు నిమిషాలు, రీలులో నలభై సెకన్లు. ఈ కుదింపు నేర్చుకునేవారిని నిరుత్సాహపరచడంతో ఆగదు, ధరను కూడా దెబ్బ తీస్తుంది. తెర మీద అలవోకగా పూర్తయిన పనిని చూసిన కొనుగోలుదారు దుకాణంలో అడిగిన రేటు విని అంత చిన్న పనికి అంతా అంటుంది. ఆ బేరంలో తగ్గేది దుకాణం లాభం కాదు, మగ్గం మీద వంగి కూర్చున్న మనిషి కూలి. హైదరాబాదులో ఈ పని చేసేవారిలో పాతబస్తీ కుటుంబాల వారు, ఉత్తరప్రదేశ్, బిహార్, బెంగాల్ నుంచి వచ్చిన మగవారు, ఇటీవలి కాలంలో శిక్షణ పొంది ఇంటి దగ్గర మగ్గం పెట్టుకున్న తెలుగు ఆడవారు ఉన్నారు. మెడ, వీపు, కళ్లు ముందుగా అరిగిపోయే పని ఇది. వీడియోలో వినిపించే గొంతు మరొకరిది, కింద కనిపించే పేరు కేంద్రానిది. వీళ్ల పేరు ఎక్కడా ఉండదు.

ఎన్ని గంటలు పట్టిందో చెబితే పాఠం సాగదీసినట్టవుతుందని, చూసేవారు పారిపోతారని ఒక అభ్యంతరం ఉంది. పని మొత్తం చూపమని ఎవరూ అడగడం లేదు. వీడియో మొదట్లో మూడు సెకన్లు 'ఈ చేతి పనికి ఇద్దరు మనుషులు, ఇన్ని గంటలు' అన్న వాక్యం ఉంటే చాలు. పైగా సమయం చూపితే ఆసక్తి చస్తుందన్నది నిజం కాదు. 2013లో బీబీసీ మొదలుపెట్టిన 'ద గ్రేట్ బ్రిటిష్ సూయింగ్ బీ' పోటీలో ఆకర్షణంతా గడియారం చుట్టూనే తిరుగుతుంది. ఇచ్చిన గంటల్లో చెయ్యి ఎంత సాగుతుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే అక్కడ కథ. సమయాన్ని దాచకుండా కథలో భాగం చేయవచ్చని అది చూపించింది. కుట్టు పని మీద గౌరవం పెరిగేది కూడా అప్పుడే.

పేర్లు చెబితే పనివాళ్లను పోటీ కేంద్రాలు ఎక్కువ కూలి ఆశ చూపి లాక్కుపోతాయన్న రెండో అభ్యంతరం ఈ బజారు తెలిసినవారు చెప్పేది, కొట్టిపారేయలేనిది. ఒక మంచి పనివాడు వెళ్లిపోతే పెళ్లిళ్ల కాలంలో ఆర్డర్లు ఆగిపోతాయి, చిన్న కేంద్రం మునిగిపోతుంది. అయినా ఆలోచిస్తే, ఈ భయం చెబుతున్నది ఆ మనిషి విలువ బజారుకు తెలిస్తే కూలి పెరుగుతుందనే కదా? అంటే పేరు దాచడం వల్ల కేంద్రానికి మిగులుతున్నది ఆ పనివాడికి రావలసిన డబ్బే. పనివాడే తన పేరు వద్దంటే అది వేరే మాట, అతని ఇష్టం. అడగకుండా వదిలేయడాన్ని మాత్రం ఆ ఇష్టం కింద జమ కట్టకూడదు. ఇంటి నుంచి పనిచేసే ఆడవారి విషయంలో ఫోను నంబరు, ఊరు, వీధి చెప్పనక్కరలేదు, పేరు ఒక్కటి చాలు. డబ్బు తీసుకుని సరుకును పొగిడితే ఆ సంగతి వెల్లడించాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో సోషల్ మీడియా ప్రచారకులకు నియమాలు పెట్టింది. ఫలానా మిషను ఇచ్చిన కంపెనీ పేరు చెప్పే అలవాటు అలా వస్తోంది. మిషను ఎవరిచ్చారో చెప్పగలిగినవారు చెయ్యి ఎవరిదో చెప్పలేకపోవడానికి కారణం కనబడదు.

పేరు చెప్పినంత మాత్రాన కడుపు నిండుతుందా అని అడిగేవారూ ఉన్నారు. నిండదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే ఊళ్లో నల్లజాతి మహిళలు పాత పని బట్టలతో కుట్టుకున్న బొంతలను 2002లో పెద్ద మ్యూజియాల్లో కుట్టినవారి పేర్లతో ప్రదర్శించారు. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. మరుసటి ఏడాదే తమకు రావలసిన డబ్బు అందలేదంటూ వారిలో కొందరు కోర్టుకెక్కారు, ఆ తర్వాత రాజీ కుదిరింది. పేరు, ప్రతిఫలం రెండూ వేర్వేరని ఆ ఉదంతం చెబుతుంది. అయితే అది మరో సంగతి కూడా చెబుతుంది: ఏ బొంత ఎవరిదో నమోదై ఉండబట్టే ఆ మహిళలు హక్కు అడగగలిగారు. పేరు లేని పనివాడు కోర్టు దాకా కాదు కదా, దుకాణం గల్లాపెట్టె దాకా కూడా వెళ్లలేడు.

బొంత ప్రస్తావన వచ్చింది కాబట్టి మన కార్యక్రమాల్లో కనిపించే ఒక పెద్ద లోటును చెప్పుకోవాలి. తెలుగువారి అసలైన అతుకుల కళ బొంత. అరిగిన నూలు చీరలు, పంచెలు పొరలుగా పరిచి, అంచులు మడిచి, ముందు టాకాలు వేసి కదలకుండా నిలిపి, ఆ తర్వాత దబ్బనంతోనో పెద్ద సూదితోనో అంచు నుంచి నడిమికి వరసలు కుట్టుకొస్తారు. పసిపిల్లల కిందికీ, చలికాలం కప్పుకోవడానికీ అంత మెత్తనిది ఇంకొకటి లేదు. బెంగాల్ కాంతా, బిహార్ సుజని ఇదే పద్ధతిలో పుట్టి నేడు కళగా గౌరవం పొందుతున్నాయి. సుజనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. లంబాడీల అద్దాల కుట్టుకు కర్ణాటకలో సండూరు పేరిట గుర్తింపు దక్కింది. మన దగ్గర బొంత కుట్టే చేతులు ఇంకా ఉన్నాయి, వాటి మీదికి కెమెరా వెళ్లదు. కారణం తెలిసిందే: మెరుపు లేదు, పెళ్లిలో పనికిరాదు, దాని కోసం కొనవలసిన సరుకేమీ లేదు. సరుకు అమ్ముడుపోని పాఠానికి ప్రాయోజకులు ఉండరు. నిజానికి చిత్రీకరణకు బొంతంత సులువైన పని లేదు. కుట్టు పెద్దది, కంటికి కనిపిస్తుంది. అడుగున దాగే చెయ్యి లేదు. రెండు వైపులా ఒకే పని. కొత్తవారికి మొదటి పాఠంగా పెట్టవలసిన దాన్ని మనం పాఠ్యక్రమంలోంచే తీసేశాం. సాగర్ రోడ్డు పొడవునా తండాల్లో లంబాడీ దుస్తులైన కాంచళి, ఫేటియా కుట్టుకునే ముసలి చేతులు ఆగిపోకముందే, వాళ్ల ఇష్టంతో, వాళ్ల పేర్లతో, వాళ్లు కుట్టే వేగంలోనే ఆ పనిని చిత్రించి పెట్టడం ఈ ప్రాంతపు నిర్వాహకులకు అందుబాటులో ఉన్న గొప్ప పని. ఆ తండాలు ఎంతో దూరం కాదు, కావలసింది ఒక ఫోను, ఓపిక, ఆ రోజు పని మానుకున్నందుకు ఇచ్చే కూలి.

ఉచిత వీడియోలు దర్జీల పొట్ట కొడుతున్నాయన్న మాట కూడా ఉంది. కొంతవరకు నిజం. ఫాల్ కుట్టడం, పీకో, చిన్న రిపేర్లు ఇంట్లోనే చేసుకునేవారు పెరిగారు. అయితే కొలత తీసుకుని ఒంటికి అతికినట్టు జాకెట్టు కుట్టడం ఎంత కష్టమో తెలిసేది ఒకటి కుట్టడానికి ప్రయత్నించాకే. చంక దగ్గర ముడతతో కుస్తీ పట్టిన మనిషి దర్జీతో బేరం ఆడేటప్పుడు మాట తగ్గిస్తుంది. పైగా ఈ పాఠాలు చూసి మిషను పట్టుకున్న ఆడవారే కాలక్రమంలో కొత్త దర్జీలవుతున్నారు. 2023 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం పద్దెనిమిది వృత్తుల్లో దర్జీ పనిని చేర్చి, శిక్షణకు భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం ఇస్తోంది. పాఠం నిజాయితీగా ఉంటే దానివల్ల వృత్తిలోకి మనుషులు వస్తారు. దాచిపెట్టిన పాఠం మాత్రం రెండు వైపులా చెరుపు చేస్తుంది. నేర్చుకునేవారు సగంలో వదిలేస్తారు, కొనేవారు పనిని తక్కువగా లెక్క కడతారు.

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీ నగర్ శిక్షణ కేంద్రాల నిర్వాహకులకు ఒక విన్నపం. తర్వాతి వీడియోలో మగ్గం అడుగున ఒక ఫోను పెట్టండి. పూర్తయిన గుడ్డను ఒకసారి తిరగేసి చూపండి. పట్టిన గంటలు రాయండి. పని చేసినవారిని అడిగి, వారు సరేనంటే పేరు వేయండి. చూసేవారు కూడా కింద వ్యాఖ్యల్లో రేటెంత అని అడిగే ముందు ఈ పని ఎవరు చేశారు, ఎన్ని రోజులు పట్టింది అని అడగడం మొదలుపెట్టండి.